చప్పుడు లేని కారు

ధర్మవరంలో నీలావతి వాళ్ళ వీధిలో పొద్దున ఆరింటికే మగ్గాలు మొదలవుతాయి. ఆ చప్పుళ్ళలో ఏ బండి వచ్చిందో, ఏది పోయిందో ఎవరూ పట్టించుకోరు. నీలావతి కారుకైతే అసలు చప్పుడే లేదు. మీట నొక్కితే ముందు ఒక పచ్చదీపం వెలుగుతుంది. బండి కదులుతుంది. అంతే. కొన్న కొత్తలో భర్త నరసింహులును ఎక్కించుకున్న రోజు, ఆయన తల వంచి చెప్పు వారు సరిచేసుకుంటూ, "ఇంగ స్టార్ట్ చెయ్యవే" అన్నాడు. తల ఎత్తేసరికి రైల్వే గేటు దగ్గర ఉన్నారు. ఈ సంగతి నీలావతి ఇప్పటికి వందమందికైనా చెప్పి ఉంటుంది. నరసింహులు పక్కనే కూర్చొని, ఎవరి గురించో చెబుతున్నట్టు వింటుంటాడు.

అది పెట్రోలు ఇంజనూ, పెద్ద బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ కారు. పదకొండేళ్ళ పాతది. బెంగళూరులో రిటైరైన ఒక డాక్టరు దగ్గర కొన్నది. అంత పెద్ద కారు అంత తక్కువకు ఎందుకు వస్తోందో ఆమె తమ్ముడు మహేష్ ఆనాడే చెప్పాడు. మహేష్ హిందూపురంలో ఒక నూలు మిల్లులో ఫిట్టరు. యంత్రాల మీద నమ్మకం తక్కువ.

"అక్కా, ఆయప్ప నీకు కారు అమ్మడంలే. బ్యాటరీ భయాన్ని అమ్ముతాండాడు" అన్నాడు.

నీలావతి వినలేదు. ఊళ్ళో మెల్లగా తిరిగేటప్పుడు పెట్రోలు తాగదనీ, వెనక సీటు రెండు మూటల చీరలు పరిచినట్టు పెట్టుకొనేంత వెడల్పుగా ఉందనీ చూసుకొని కొనేసింది.

ఆమె ఊరికే మొండి మనిషి కాదు. ఇరవై ఒక్క సంవత్సరాలు ఒకటే పని చేసిన మనిషి. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. అచ్చు అతకడం అంటారు. ఒక్క పడుగుకు నాలుగు వేల పైచిలుకు పోగులుంటాయి. వేళ్ళకు ఇంత విభూతి రాసుకొని తల్లి హనుమంతమ్మ ఒక అంచు నుంచి, తాను ఇంకో అంచు నుంచి మొదలుపెట్టి మధ్యలో కలుసుకొనేవాళ్ళు. మెలిపెట్టిన ప్రతి పోగునూ చిటికెడంత లాగి వదిలేది హనుమంతమ్మ. చూసేవాళ్ళకు ఆ లాగడం కనిపించదు. నీలావతికి పద్నాలుగో ఏట మొదట నేర్పింది అతకడం కాదు, ఆ లాగడమే.

ముప్పై అయిదు దాటాక నడుము పట్టేసింది. కింద కూర్చొనే పని మానేసి ఒక షావుకారు అంగడి చీరలను మూటకట్టుకొని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. పెళ్ళి కుదిరిన ఇళ్ళకు వెళ్ళి, చాప మీద చీరలు పరిచి, కొంగు విప్పి చూపించడం. రొద్దం, పరిగి, మడకశిర, హిందూపురం. అన్నీ బస్సుల్లోనే. మూట కాళ్ళ కింద పెట్టుకుంటే కండక్టరు అరుస్తాడు, పైన వేస్తే వాన. నలభై నాలుగో ఏట హిందూపురంలో డ్రైవింగు నేర్చుకుంది. కారు కొన్నాక షావుకారు చీరలు మానేసి, తమ వీధిలోని ఆరు మగ్గాల చీరలనే తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. అందులో నరసింహులు మగ్గం ఒకటి. ఏ చీర ఎవరికి నచ్చుతుందో ఆమెకు తెలుసు. ఏ పెళ్ళికూతురు ఏ రంగు చూసి ముఖం తిప్పుకుందో సాయంత్రం వచ్చి మగ్గాల దగ్గర చెప్పేది. ఆ మాటలు విని తర్వాతి పడుగు రంగు మార్చుకొనేవాళ్ళు. షావుకారు ఎదురుపడినప్పుడల్లా, ఆ కారు నిలబడిన రోజు తన అంగడికే రమ్మనీ, ఆమె కూర్చొనే కుర్చీ అట్లే ఉందనీ నవ్వుతూ చెప్పేవాడు. నీలావతి కూడా నవ్వేది. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోకూడదన్నదే ఆమె పట్టుదల.

మూడేళ్ళు కారు బాగానే తిరిగింది. మే నెలలో ఒక మధ్యాహ్నం సోమందేపల్లి దాటగానే ఎర్రదీపం వెలిగి, బండి ఎడ్లబండి నడకకు దిగింది. లారీ మీద ఎక్కించి బెంగళూరు కంపెనీ వర్క్‌షాపుకు తీసుకెళ్ళింది. వాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి, ఏసీ గదిలో కాఫీ ఇచ్చి, పాత బ్యాటరీని విప్పి బాగుచేసే పద్ధతి తమకు లేదనీ, మొత్తం కొత్తది వెయ్యాలనీ చెప్పారు. దాని ధర ఆమె కారు కొన్న ధరలో సగం కంటే ఎక్కువ. నీలావతి కాఫీ పూర్తిగా తాగి, కప్పు పళ్ళెంలో పెట్టి, వద్దంది. వాళ్ళు దీపం ఆర్పి కారు ఇచ్చారు. ఎంతదూరం వెళుతుందో చెప్పలేమన్నారు. అది పెనుకొండ బస్టాండు దాకా వచ్చింది.

బస్టాండు నుంచి దర్గాకు వెళ్ళే దారి మొదట్లో కాలేసాబ్ రేకుల షెడ్డు ఉంది. కాలేసాబ్‌కు అరవై. మేనమామ దగ్గర బోరు మోటార్లకు రాగితీగ చుట్టడం నేర్చుకొని, తర్వాత లారీల వైరింగుకు మారాడు. పెనుకొండ అవతల కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పుడు ఇక ఆయన పని అయిపోయిందని బజారంతా అనుకుంది. కొత్త కార్లు ఫ్యాక్టరీ నుంచి ఎటో పోతాయనీ, తన దగ్గరికి వచ్చేవి అన్నీ పాతవేననీ మాత్రం చెప్పి ఆయన తన పని చేసుకుంటూ వచ్చాడు. నలుగురు మనుషులు కారును తోసుకొచ్చి షెడ్డు ముందు పెట్టారు. కాలేసాబ్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఇది నాకు తెల్సిన బండి కాదుమ్మా."

"నీకు తెలీని బండి పెనుకొండలో యాడుండాది అన్నా?"

"ఇదో, ఈడుండాది" అన్నాడు కాలేసాబ్, బానెట్ మీద చెయ్యి పెట్టి.

తప్పు చెప్పడం ఇష్టంలేక ఆయన ఇంకా చెప్పాడు. ఇందులో రెండు వందల వోల్టులు ఉంటాయి. లారీ బ్యాటరీలా వేలు పెట్టి చూసేది కాదు. తెలుసుకోవాలంటే వారం పడుతుంది. ఆ వారంలో ఎవరూ ఫోన్ చేసి అయ్యిందా అని అడగకూడదు. నీలావతి ఒప్పుకుంది. శ్రావణం పెళ్ళిళ్ళకు ఇంకా ఆరు వారాలుంది. ఆలోపు కాకపోతే తుక్కు కొనే హిందూపురం మనిషికి ఇచ్చేస్తానని మహేష్‌కు మాట ఇచ్చి ఉంది. ఆ మనిషి నంబరును మహేష్ ఆమె ఫోనులో 'పాత ఇనుము' అని తానే ఎక్కించాడు.

ఫోన్ చెయ్యలేదు గాని, రోజు మార్చి రోజు బస్సు దిగి షెడ్డులో కనిపించేది. చీరల మూట కాలేసాబ్ స్టూలు మీద పెట్టి, తాను టైరు మీద కూర్చొనేది. కాలేసాబ్ ఆ వారం మొదటి మూడు రోజులు కారును ముట్టుకోలేదు. ఫోనులో హిందీ వీడియోలు చూశాడు. ఇంట్లో మాట్లాడే ఉర్దూతో అవి ఆయనకు బాగానే అర్థమయ్యాయి. నాలుగో రోజు కరెంటు ఆఫీసు లైన్‌మన్ ఏసురత్నం దగ్గర మందపాటి రబ్బరు చేతి తొడుగులు అడిగి తెచ్చుకున్నాడు. నారింజరంగు ప్లగ్గు ఒకటి డిక్కీలో ఉంది. అది పీకితే బ్యాటరీ నుంచి బండికి కరెంటు ఆగిపోతుంది. ప్లగ్గు పీకి, చొక్కా జేబులో వేసుకొని, జేబుకు పిన్నీసు పెట్టుకున్నాడు. లోపల మిగిలిన కరెంటు దిగిపోయేదాకా పావుగంట టీ తాగాడు. ఆ తర్వాతే వెనక సీటు విప్పాడు.

సీటు కవర్లు నీలావతి ముచ్చటపడి కుట్టించుకున్నవి. హిందూపురం దర్జీ దగ్గర రెండు పూటలు పక్కనే నిలబడి కుట్టించింది. కాలేసాబ్ కవరు లాగుతూ ఒకచోట ఆగాడు. సీటు పక్కన, మోచెయ్యి ఎత్తున, గుడ్డ కింద గట్టిగా ఏదో తగిలింది. కుట్టు విప్పి చూస్తే ప్లాస్టిక్ జాలీ. లోపల రంగురంగుల నూగు దట్టంగా పేరుకొని ఉంది.

ఇదేందని అడిగాడు. నీలావతి సంతోషంగా చెప్పింది. ఆ జాలీలోంచి గాలి, దాంతో దుమ్ము వచ్చి చీరల మీద పడుతుందని తానే దర్జీతో మూయించి గట్టిగా కుట్టించింది. దాని ముందు మూట కూడా ఆనించి పెడుతుంది. మూడేళ్ళలో ఒక్క చీర జరీ కూడా మాసిపోలేదు.

దేవుడి పటం లేని ఆ షెడ్డులో ఒక ఊదుబత్తి స్టాండు మాత్రం ఉంది, పొద్దున్నే వెలిగించేది. కాలేసాబ్ ఒక బత్తి వెలిగించి దాన్ని తెచ్చి జాలీ ముందు పట్టుకున్నాడు. ఒక పక్కన పెట్టుకున్న చిన్న బ్యాటరీ తీగలు లోపలి ఫ్యానుకు తగిలించాడు. ఫ్యాను గురక పెట్టినట్టు తిరిగింది. ఊదుబత్తి పొగ బయటికి రాలేదు. నిటారుగా లేచిన పొగ మెల్లగా వంగి, జాలీలోకి, ఆ రంగుల నూగులోకి వెళ్ళిపోయింది.

"గాలి ఈడనుంచి వస్తాండలేదమ్మా. పోతాండాది. బ్యాటరీ ఊపిరి పీల్చుకునేది దీంట్లోనే."

కాలేసాబ్ నూగును వేళ్ళతో తీసి నీలావతి అరచేతిలో పెట్టాడు. చిలకపచ్చ, కుంకుమ, నేరేడు, మధ్యలో జరీ మెరుపు. ఏ చీర ఏ ఏడు అమ్ముడుపోయిందో చెప్పగలదు ఆమె.

"అంటే నేనే దీని ముక్కు మూసి కుట్టేస్తినా?"

"రెండు వరసలు కుట్టినావు. అదే లారీ డ్రైవర్లయితే ఒకటే వరస కుట్టుండేవాళ్ళు."

ఆమె నవ్వు మొదలుపెట్టి ఆపలేకపోయింది. మధ్యాహ్నం మహేష్‌కు తానే ఫోన్ చేసి చెప్పింది. మహేష్ నవ్వలేదు. చేసిన పని చెడినప్పుడు నవ్వే అలవాటు అక్కకు చిన్నప్పటి నుంచీ ఉందని అన్నాడు.

ఊపిరి ఆడక బ్యాటరీ వేడెక్కింది, అంతవరకూ తెలిసింది. ఆ వేడికి లోపల ఏం పాడయ్యిందో చూడాలి. పెట్టె మూత తీస్తే బడిపిల్లల పలకల్లాంటివి ఇరవై ఎనిమిది వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదానికొకటి రాగిపట్టీలతో కలిపి ఉన్నాయి. రాగిపట్టీల నిండా పచ్చటి చిలుం. కాలేసాబ్ ఒక్కొక్క పలకనూ బయటికి తీస్తూ, ఏది ఎక్కడిదో తెలియడానికి నీలావతి మూటలోంచి తెచ్చిన వ్యర్థ పట్టు పోగులు కట్టాడు. ఇంగ్లీషు అంకెల కంటే రంగులు ఆయనకు బాగా గుర్తుంటాయి.

లారీ హెడ్‌లైటు బల్బును ఒక్కో పలకకు తగిలించి రెండు నిమిషాలు వెలిగించాడు. వెలిగించేముందు మీటరు, ఆర్పాక మీటరు. నీలావతి ఫోనులో టైము చూసి చెప్పేది. పదహారు దాకా బల్బు తెల్లగా వెలిగింది. పదిహేడోది పసుపు తిరిగింది. పద్దెనిమిదోది ఎర్రటి తీగై మిగిలింది. మిగతా పదీ బాగున్నాయి.

"నడిమధ్య ఉండేటివి. వేడి తగిలేది వాటికే" అన్నాడు కాలేసాబ్. ఇరవై ఎనిమిదింటిలో రెండే పోయాయన్నమాట. మొత్తం మార్చాలన్న మాట గుర్తొచ్చి నీలావతి ఆ రెండింటినీ విడిగా, ఒక గుడ్డ మీద పెట్టుకొని చాలాసేపు చూసింది.

రాగిపట్టీలను మధ్యాహ్నం అన్నం క్యారియర్ తెచ్చిన జమ్రూద్ చూసింది. ఆమె కాలేసాబ్ భార్య. ఇంత చిలుం పెట్టుకొని కరెంటు ఎట్లా పారుతుందని అడిగి, ఖాళీ క్యారియర్‌లో వేసుకొని ఇంటికి తీసుకెళ్ళింది. చింతపండు, ఉప్పు వేసి బిందెలు తోమినట్టు తోమి, మంచినీళ్ళతో కడిగి, మిద్దె మీద ఎండలో ఆరబెట్టి మర్నాడు తెచ్చింది. అవి చూసి కాలేసాబ్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇవి బ్యాటరీకి తోమినావా, చెవులకు పెట్టుకుందామని తోమినావా?"

"చెవులకు నువ్వు తెచ్చినేటివి ఇంకేముండాయి, ఇవే పెట్టుకుంటా" అంది జమ్రూద్, నీలావతికి ముద్ద పెడుతూ.

పలకలు రెండు కావాలి. అవి దొరికేది బెంగళూరులో, దెబ్బతిన్న కార్లు విప్పి అమ్మేచోట. ఎవరు వెళ్ళాలని మాట వచ్చినప్పుడు, మహేష్ తనకు ఎలాగూ ఆదివారం సెలవని అన్నాడు. పాత ఇనుము మనిషి ఇంకా ఫోన్ ఎత్తడం లేదని కూడా చెప్పాడు. ఆదివారం సాయంత్రం నాలుగు పలకలు, వాటితోపాటు కారు లోపలి లెక్కలు ఫోనులో చూపించే అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తెచ్చాడు. డబ్బా ఎందుకు తెచ్చావని అక్క అడిగితే, తుక్కుకు అమ్మేముందు రోగం పేరైనా తెలియాలి కదా అన్నాడు. నాలుగింటిలో రెండు బల్బు పరీక్షకు నిలిచాయి.

మంగళవారం పొద్దునకల్లా అన్నీ బిగించారు. కాలేసాబ్ జేబు పిన్నీసు తీసి ప్లగ్గు పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. ఎర్రదీపం రాలేదు. నీలావతి, కాలేసాబ్ ఇద్దరే సోమందేపల్లి దాకా వెళ్ళారు. పోయేటప్పుడు బాగుంది. వెనక్కి తిరిగేటప్పుడు రోడ్డు మధ్యలో ఒక గుంతలో చక్రం దిగింది. దీపం ఎర్రబడింది.

షెడ్డు దాకా ఎట్లాగో ఈడ్చుకొచ్చారు. మహేష్ మిల్లుకు సెలవు పెట్టి వచ్చి అక్కడే ఉన్నాడు. డబ్బా తగిలించి చూస్తే, అన్ని పలకల లెక్కా బాగానే చూపిస్తూ ఒక జత మాత్రం ఉన్నట్టుండి సున్నా అవుతోంది, మళ్ళీ వస్తోంది. ఆ జత కొత్త పలకలది కాదు, బాగున్న పాతవాటిది. ప్రతి జత నుంచీ ఒక సన్నటి వైరు కంప్యూటరుకు కబురు తీసుకెళుతుంది. ఆ వైర్లు పద్నాలుగు పైగా కట్టగా ఉన్నాయి. కాలేసాబ్ మళ్ళీ ప్లగ్గు పీకి, ఆ కట్టను రెండు పక్కలా విప్పి, బల్ల మీద పరిచాడు. ఒక్కొక్కటీ మీటరుతో చూశాడు. అన్నింటికీ మీటరు పలికింది. మళ్ళీ చూశాడు. మళ్ళీ పలికింది. మూడోసారి చూశాక మీటరు ఆపి స్టూలు మీద కూర్చున్నాడు.

"కట్ట మొత్తం కొత్తది తెప్పించాలంటే కంపెనీవాళ్ళు బ్యాటరీతోనే అమ్ముతారు" అన్నాడు. మీటరు వైర్లు చుట్టి పెట్టి, "నేను చెయ్యలేనని చెప్పడానికి నాకు సిగ్గు లేదుమ్మా. నువ్వు ఇన్ని దినాలు తిరిగినావే, దానికి సిగ్గుగా ఉండాది" అన్నాడు.

మహేష్ ఆ రోజు పాత ఇనుము మాట ఎత్తలేదు. అందుకే నీలావతికి ఇంకా బాధ వేసింది. షావుకారు అంగడిలో ఆ కుర్చీ, దాని మీద వేసిన ఎర్రటి దిండు ఆమెకు కళ్ళముందు కనిపించాయి. ఫోను తీసింది. పాత ఇనుము అని ఉన్నచోట వేలు పెట్టి, నొక్కకుండా, బల్ల మీద పరిచిన వైర్లను చూసింది. సన్నగా, పక్కపక్కన, రెండు కొసలా పట్టి పరిచి ఉన్నాయి.

ఫోను పక్కన పెట్టి, తనను ఒకసారి చూడనిమ్మంది. ఏం చూస్తావని ఎవరూ అడగలేదు. ఊదుబత్తి స్టాండు కింద రాలిన బూడిద ఉంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ రాసుకుంది. బల్ల ముందు నిలబడి, ఎడమ అంచు నుంచి మొదలుపెట్టింది. ఒక్కో వైరును కొస నుంచి కొసకు, జానెడు జానెడుగా పట్టుకొని చిటికెడంత లాగి వదులుతూ వచ్చింది. చూసేవాళ్ళకు ఆ లాగడం కనిపించలేదు. వైర్లను నిమురుతోంది అనుకున్నాడు మహేష్. తొమ్మిదో వైరు మధ్యలో ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇది."

"దానికి మీటరు పలికె కదమ్మా."

"మీటరుకు పలకనీ అన్నా. ఈడ పట్టుకొని లాగి చూడు. సాగుతాండాది. రాగితీగ సాగదు కదా, సాగేది పైన రబ్బరే."

కాలేసాబ్ పట్టుకొని లాగాడు. కళ్ళజోడు తీసి, మళ్ళీ లాగాడు. లేచి, బ్లేడు తెచ్చి, ఆమె వేలు పెట్టినచోట రబ్బరును నిలువునా కోశాడు. లోపల తీగ లేదు. పచ్చటి పొడి ఉంది. తీగ రెండు ముక్కలై, కొసలు ఒకదానికొకటి ఆనీ ఆననట్టు ఉన్నాయి. బల్ల మీద కదలకుండా ఉన్నప్పుడు ఆనుతాయి, గుంతలో పడితే విడిపోతాయి.

కాలేసాబ్ పొడిని వేలి మీదకు తీసుకొని మహేష్‌కు చూపించాడు. నలభై ఏళ్ళుగా వైర్లు పట్టుకుంటున్న తన చేతిని కూడా ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "నీకు ఇది యాడ నేర్పినారమ్మా?" అని అడిగాడు.

"మగ్గం కాడ. మా యమ్మ నేర్పింది."

మిగతా వైర్లను కూడా చూడమన్నాడు. ఆమె చివరిదాకా చూసి, ఇంకొకటి కొంచెం అనుమానంగా ఉందని ఎర్ర పోగు కట్టింది. కోసి చూస్తే దాని తీగ సగం తెగి ఉంది. రెండింటికీ కొత్త తీగ వేసి, కొసలు ఆమె మెలిపెడితే ఆయన సీసం పోశాడు. పట్టు పోగులకు మెలి కుడివైపు తిప్పుతారనీ, రాగికి ఎటు తిప్పినా ఒకటేననీ ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి కుడివైపే తిప్పారు.

సాయంత్రం అయిదింటికి నలుగురూ ఎక్కారు. నీలావతి నడిపింది. ముందు కాలేసాబ్, వెనక జమ్రూద్, మహేష్. మహేష్ జాలీకి దూరంగా, ఒళ్ళు దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు. పొద్దున దిగిన గుంత దగ్గరికి వచ్చినప్పుడు పక్కకు తిప్పుకోమని ముగ్గురూ ఒక్కసారే అన్నారు. నీలావతి తిప్పలేదు. నేరుగా గుంతలోకే దించింది. బండి ఎగిరి పడింది. జమ్రూద్ తల పైకప్పుకు తగిలింది. దీపం పచ్చగానే ఉంది.

మళ్ళీ వెనక్కి తిప్పి ఇంకోసారి దించింది. పచ్చగానే ఉంది.

"చాల్లేమ్మా, ఇంగ మనుషులకు రిపేరు చెయ్యాల్సి వస్తాది" అన్నాడు కాలేసాబ్.

హిందూపురం దాకా వెళ్ళి, మహేష్ ఇప్పించిన ఐస్‌క్రీములు తిని తిరిగి వచ్చారు. పెనుకొండ దగ్గరపడుతుండగా కాలేసాబ్ ఒక కోరిక కోరాడు. ఊరు దాటి ఫ్యాక్టరీ ముందునుంచి ఒకసారి పోదామన్నాడు. అక్కడ కొత్త కార్లను పెద్ద ట్రెయిలర్ల మీదకు ఎక్కిస్తున్నారు. ఒక్కోటి తెల్లగా, సీట్లకు ప్లాస్టిక్ కవర్లతో మెరుస్తోంది. కాలేసాబ్ కిటికీ అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయటపెట్టి, మెల్లగా పొమ్మన్నాడు. మెల్లగా పోయేటప్పుడు ఆ కారు బ్యాటరీ మీదే నడుస్తుంది. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి పక్కకు చూస్తూ నిలబడి ఉన్నాడు. చప్పుడు లేకుండా తన పక్కకు ఒక పదకొండేళ్ళ కారు వచ్చి, అందులోంచి గడ్డం నెరిసిన పెద్దాయన తనవైపే చూస్తుంటే, ఉలిక్కిపడి సెల్యూట్ కొట్టాడు. కాలేసాబ్ చాలా గంభీరంగా తల ఊపాడు. గేటు దాటాక జమ్రూద్ నవ్వు ఆపుకోలేక మహేష్ భుజం మీద కొట్టింది.

శ్రావణంలో నీలావతి పదకొండు పెళ్ళిళ్ళకు చీరలు ఇచ్చింది. హిందూపురం దర్జీ జాలీ ఉన్నచోట సీటు కవరును చదరంగా కత్తిరించి, ఊరికే మడిచి కుట్టడం తనకు నచ్చక, చుట్టూ జరీ అంచు వేశాడు. ఇప్పుడది చిన్న కిటికీలా ఉంటుంది. దాని పైన మహేష్ ఒక కాగితం అతికించాడు: 'ఇక్కడ మూట పెట్టరాదు. నవ్వరాదు.' షావుకారు ఒకరోజు కారు ఎట్లా ఉందని అడిగితే, నీలావతి ఎక్కించుకొని రైల్వే గేటు దాకా తీసుకెళ్ళి దింపింది. ఆయన కూడా స్టార్ట్ చెయ్యమ్మా అన్నాడు. నరసింహులుకు అది చాలా సంతోషం కలిగించింది.

గురువారాలు ఆమె హిందూపురం వెళ్ళే రోజులు. తొమ్మిదిన్నరకు పెనుకొండలో ఆగుతుంది. మీటరుకు చిక్కని వైర్ల కట్టలను కాలేసాబ్ ఆ రోజు కోసం బల్ల మీద పరిచి ఉంచుతాడు. లారీ డ్రైవర్లు పక్కన నిలబడి టీ తాగుతూ చూస్తుంటారు. బండి ఎప్పుడు ఇస్తావని తొందరపెట్టినవాళ్ళకు, ధర్మవరం నుంచి డాక్టరమ్మ వచ్చి చూడాలని చెబుతాడు. నీలావతి చీరల మూట స్టూలు మీద పెట్టి, ఊదుబత్తి బూడిద వేళ్ళకు రాసుకొని, ఎడమ అంచు నుంచి మొదలుపెడుతుంది. చెడ్డదానికి ఎర్ర పోగు కట్టి, చెయ్యి తుడుచుకొని, కారెక్కి వెళ్ళిపోతుంది. టీ తాగేవాళ్ళు గ్లాసు కింద పెట్టి తల ఎత్తేసరికి షెడ్డు ముందు కారు ఉండదు.